థార్ ఎడారిలో డేరా ఎక్కడ వేయాలి? బెజవాడ, గుంటూరు నుంచి బండి వేసుకుని వెళ్లేవాళ్ల కోసం

ఈమధ్య మనవైపు నుంచి చాలామంది సొంత ఫోర్ బై ఫోర్ బండ్లలో జైసల్మేర్ దాకా వెళ్లొస్తున్నారు. బెంజి సర్కిల్ దగ్గర మొదలుపెడితే ఒకవైపే 2,000 కిలోమీటర్ల పైమాట. బయల్దేరే ముందు నన్ను అడిగేవాళ్లంతా బండి గురించే అడుగుతారు. ఏ టైర్లు వేయించాలి, ఇంజను కింద ప్లేటు కొట్టించాలా, ఆటోనగర్‌లో ఎవరి దగ్గరికి పోవాలి అని. రాత్రి ఎక్కడ పడుకోవాలో ఒక్కరూ అడగరు. "అంత ఎడారి ఉంది కదన్నా, ఎక్కడో ఒకచోట వేసేస్తాం" అంటారు. మొదటిసారి నేనూ అలాగే అనుకుని వెళ్లాను. ఇసుకలో బండి దిగబడితే పార పట్టుకుని అరగంట తవ్వితే బయటపడొచ్చు. డేరా తప్పు చోట వేస్తే ఆ సంగతి అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉండగా తెలుస్తుంది. అప్పుడు చీకట్లో, చలిలో, పిల్లల్ని లేపుకుని చోటు మార్చడం ఎంత కష్టమో అనుభవించాను కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎడారి ఖాళీగా కనిపిస్తుంది గానీ, అక్కడ నీళ్లకో దారి ఉంది, గాలికో దారి ఉంది, మనుషులకూ పశువులకూ ఓ దారి ఉంది. ఆ మూడు దారులకూ పక్కకు తప్పుకున్న చోటే మీ పడక. కింద చెప్పేవన్నీ ఆ చోటును ఎలా పట్టుకోవాలో చెప్పే సంగతులే.

ఇంటి దగ్గరే సగం పని

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిలోపు వెళ్లండి. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లం, మనకు వేడి కొత్తా అని మే నెలలో సాహసం చేయొద్దు. జైసల్మేర్‌కు తూర్పున ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలో డేరా నీడనివ్వదు, లోపలున్న మనిషిని ఉడకబెడుతుంది. పైగా మే, జూన్ నెలల్లో దుమ్ము తుఫాన్లు లేస్తాయి. అక్కడివాళ్లు ఆంధీ అంటారు.

తేదీలు ఖాయమయ్యాక కంప్యూటర్లో ఉపగ్రహ చిత్రాలు తెరిచి మీ దారి పొడవునా నిదానంగా చూసుకుంటూ పోండి. మెత్తటి ఇసుకలో రోజుకు 60, 70 కిలోమీటర్లు మించి లెక్క వేసుకోవద్దు. ప్రతి రాత్రికీ మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి: అసలు అనుకున్నది ఒకటి, దానికి పది పదిహేను కిలోమీటర్ల ఇవతల ఒకటి, అవతల ఒకటి. ఒక బండి దిగబడి రెండు గంటలు పోయిన రోజున ఇవతలి చోటే మిమ్మల్ని కాపాడుతుంది. మ్యాపులు ఫోన్లో ముందే దించుకోండి, అక్కడ సిగ్నల్ ఉండదు.

చిత్రంలో ఏం చూడాలంటారా? తెల్లగా, నున్నగా మెరిసే పెద్ద మచ్చ కనిపిస్తే అది రణ్, అంటే ఉప్పు నేల. ఆకుపచ్చ చుక్కలు వంకరటింకర గీతలా వరసకట్టి ఉంటే అది ఎప్పుడో ఒకప్పుడు నీళ్లు పారే దారి. కట్ట వేసినట్టు గీత, దాని వెనక ముదురు రంగు చదును కనిపిస్తే అది ఖడీన్. వానాకాలంలో రాతినేల మీద నుంచి జారే నీళ్లను కట్ట కట్టి ఆపి, ఆ తేమ మీదే శీతాకాలంలో గోధుమ, శనగ పండించుకునే పొలం అది. జైసల్మేర్ ప్రాంతంలో పాలీవాల్ బ్రాహ్మణులు 15వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. చదునుగా ఉంది కదా అని ఖడీన్‌లోకి బండి దింపడమూ, తెనాలి పక్కన నాట్లు వేసిన మడిలోకి కారు దింపడమూ ఒకటే.

అనుమతుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. జైసల్మేర్ సరిహద్దు జిల్లా. పాకిస్తాన్ సరిహద్దుకు దగ్గర్లోని చాలా గ్రామాలకు బయటివాళ్లు వెళ్లాలంటే ముందుగా జిల్లా అధికారుల అనుమతి కావాలి. ఊళ్లోకి దిగగానే మొదటి పగలు ఈ పనికే కేటాయించి, మీ దారిలోని ఊళ్ల పేర్లన్నీ కాగితం మీద రాసుకెళ్లి అడగండి. ఆధార్, బండి ఆర్‌సీ నకళ్లు నాలుగైదు జతలు పెట్టుకోండి. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ వాడటం నేరం. విదేశాల్లో ఉన్న మేనల్లుడో మరిదో ప్రేమగా పంపినా ఇంట్లోనే వదిలి వెళ్లండి. డ్రోన్ కూడా అంతే.

రెండు చోట్ల అసలు డేరా ఊసే ఎత్తొద్దు. ఒకటి, పోఖ్రాన్ దగ్గరి సైన్యం ఫైరింగ్ రేంజి. అక్కడ పేలని గుండ్లు ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి. కంచె లేనంత మాత్రాన ఖాళీ నేల అనుకోవద్దు. దారిలో ఎక్కడ తుప్పు పట్టిన ఇనుప ముక్క కనిపించినా ముట్టుకోకుండా పక్కకు తప్పుకోండి. రెండోది, డెజర్ట్ నేషనల్ పార్కు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉంటుంది. బట్టమేక పక్షికి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మిగిలిన కొద్దిపాటి ఆసరాల్లో ముఖ్యమైనది అదే. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు పచ్చికలో ఈ పక్షిని చూడటానికి మనవాళ్లు వెళ్లేవారు. ఇప్పుడు అక్కడ దాని జాడ దొరకడమే గగనం. అది గూడు కట్టదు, నేల మీదే, మామూలుగా ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. దారి వదిలి పొదల్లోకి తోలిన ఒక్క టైరు చాలు, ఆ గుడ్డు పోవడానికి. అటవీ శాఖ అనుమతి ఉన్న దారి, అనుమతి ఉన్న బస తప్ప పార్కులో మరేదీ వద్దు.

ఇక్కడ ఒక రాత్రి సాధన

ఎడారికి వెళ్లకముందు ఇక్కడే ఒక రాత్రి బయట పడుకోండి. చాలామంది సూర్యలంక బీచి ఇసుకలో బండి దింపుదామంటారు. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే రోజులు, దయచేసి ఆ పని వద్దు. కృష్ణ ఇసుకలోకీ వద్దు. క్వారీ వాళ్లు తవ్వి వదిలేసిన గుంటలు పైకి తెలియవు, ఎగువ నుంచి నీళ్లు వదిలితే చెప్పి రావు. తెలిసినవాళ్ల పొలంలోనో, కొండవీడు కొండల కింద ఎవరి మెట్ట చేలోనో అడిగి డేరా వేసుకోండి. అక్కడ నేర్చుకోవాల్సింది బండి తోలడం కాదు. పగలు చూసిన చోటు రాత్రికి ఎలా మారుతుందో తెలుసుకోవాలి. గాలి ఎటు తిరిగింది, మంచు ఎక్కడ దిగింది, తెల్లారేసరికి ఏ పక్క తడిసింది, పొద్దు మొదట ఎక్కడ పడింది. ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఆ కన్ను అలవడితే థార్‌లో పని సులువు.

నాలుగు గంటలకు బండి ఆపండి

డిసెంబరులో జైసల్మేర్‌లో పొద్దు దాదాపు 6 గంటలకు గుంకుతుంది. మనకంటే ఇరవై నిమిషాలు ఆలస్యం. తెల్లారడం మాత్రం ఏడున్నరకు, మనకంటే దాదాపు గంట ఆలస్యం. అంటే పదమూడున్నర గంటల రాత్రి. అంతసేపు ఉండబోయే చోటును పది నిమిషాల్లో తేల్చేయకూడదు.

మా బృందంలో కట్టుబాటు ఇది: గడియారం నాలుగు కొట్టగానే ముందు బండి ఆగుతుంది. ఇంకో పది కిలోమీటర్లు పోదామని ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే. రెండు బండ్లు గట్టినేల మీద ఆగుతాయి, ఇద్దరు నడిచి వెళ్లి చోటు చూసి వస్తారు. నడిచే వెళ్లాలి, బండిలో కాదు. కాలి కింద నేల ఎలా ఉందో బండి సీట్లో కూర్చుంటే తెలియదు. దిగబడే చోట్లు, ముళ్లు, బొరియలు, పాత బూడిద, పశువుల పెంట, అన్నీ నడిచినవాడికే కనబడతాయి. ఆ ఇద్దరూ అనుకున్న చోటు చుట్టూ వంద అడుగుల వలయంలో ఒక చుట్టు తిరిగి రావాలి. ఇద్దరిలో ఒక్కరు వద్దన్నా ఆ చోటు వదిలేస్తాం. వాదన పెట్టుకోం.

నీటి దారి

ఎడారిలో నీళ్ల భయమేంటని నవ్వేవాళ్లకు నేను బుడమేరు గుర్తు చేస్తాను. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగు కాలవలా పడి ఉండే బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి తేదీన సింగ్‌నగర్‌ను ఏం చేసిందో మనం చూశాం. మా అక్కా వాళ్లది అక్కడే. కింది వాటాలో మంచాలు తేలాయి, పిల్లల్ని ఎత్తుకుని మేడ మీదికి ఎక్కారు. ఆ నీళ్లన్నీ అక్కడ కురిసినవి కావు. ఎగువన, కొండల వైపు కురిసినవి. గుంటూరు వాళ్లకు కొండవీటి వాగు సంగతి వేరే చెప్పాలా! ఎడారి వాగులు సరిగ్గా ఇలాంటివే. నెత్తిన నక్షత్రాలు మెరుస్తుంటాయి, ముప్పై కిలోమీటర్ల అవతల రాతినేల మీద గంటసేపు వాన దంచుతుంది. ఆ నేల నీటిని తాగదు, జారుస్తుంది.

జైసల్మేర్‌లో ఏడాది మొత్తం కురిసేది 200 మిల్లీమీటర్ల లోపే. అది కూడా ఎక్కువగా జులై నుంచి సెప్టెంబరు లోపే. అయితే శీతాకాలంలోనూ అప్పుడప్పుడూ వాన పడుతుంది, దాన్ని మావట్ అంటారు. అందుకే జనవరిలో వెళ్లినా వాతావరణ సూచన చూసుకోకుండా పల్లంలో పడుకోవద్దు. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్ ఊరు ఊరంతా మునిగింది. ఇసుక కింద జిప్సం పొర ఉండటంతో నీళ్లు ఇంకే దారి లేక వారాల తరబడి నిలిచిపోయాయి.

ఇంతకీ ఎండిన వాగును పోల్చుకోవడం ఎలా? అది చూడటానికి ఎంతో బావుంటుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. రెండు పక్కలా గట్టు, మధ్యలో నున్నటి గట్టి ఇసుక, గాలికి మరుగు. అలసిపోయిన డ్రైవరుకు ఇంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. అప్పుడు పొదల మొదళ్లు చూడండి. పుల్లలు, ఎండుగడ్డి, మేకపెంటికలు ఒకే పక్కకు చుట్టుకుని ఉంటే నీళ్లు అటు నుంచి ఇటు పోయాయన్నమాట. ఆ చెత్త ఎంత ఎత్తున చిక్కుకుందో అంత ఎత్తు దాకా నీళ్లు వచ్చినట్టు. సింగ్‌నగర్ గోడల మీద మిగిలిపోయిన నీటి గీత లాంటిదే అది. నేల మీద సన్నటి ఒండ్రు పెంకుల్లా పగిలి అంచులు పైకి లేచి ఉన్నా, గులకరాళ్లు పెద్దవి ఒకచోట, చిన్నవి ఒకచోట వరసగా సర్దుకుని ఉన్నా అదే గుర్తు. అలాంటి చోట ఒక్క నిమిషం ఆగి, గట్టెక్కి, కనీసం మనిషి ఎత్తు పైన ఉన్న నేల చూసుకోండి.

రణ్ గురించి వేరుగా చెప్పాలి. మన చవుడు నేలలు చూసినవాళ్లకు అది కొత్త కాదు. పైన తెల్లటి పెచ్చు గట్టిగా ఉంటుంది. టైరు పడగానే పెచ్చు పగిలి కింద నల్లటి బురద ఉబికి వస్తుంది. మడమతో గట్టిగా మూడుసార్లు తొక్కి చూడండి. నేల కొద్దిగా ఊగినా, చెమ్మ కనిపించినా వెనక్కి వచ్చేయండి. పొడిగా ఉన్నదైనా సరే, దాని నడిబొడ్డున డేరా వేయొద్దు. రాత్రి నాలుగు చినుకులు పడితే పొద్దున బండి కదలదు.

మొహన్‌గఢ్ వైపు వెళ్తే ఇందిరాగాంధీ కాలువ కనిపిస్తుంది. ఏలూరు కాలవ, బందరు కాలవ పక్కన పెరిగినవాళ్లం, కాలవ గట్టు చూస్తే ప్రాణం లేచొస్తుంది. అక్కడ టీ కాచుకుని తాగండి, పడుకోవద్దు. కాలువ కింద ఊట నీటికి నేల మెత్తబడి ఉంటుంది, దోమలు కూడా.

చలి, గాలి

"నీరు పల్లమెరుగు" అని మనకు సామెత. ఎడారిలో చలి కూడా పల్లమే ఎరుగు. పొద్దు గుంకాక చల్లబడిన గాలి బరువెక్కి దిబ్బల మీద నుంచి జారి, మధ్యలో ఉన్న గుంటల్లో చేరుతుంది. మొదటిసారి మేం అలాంటి గిన్నెలాంటి పల్లంలోనే పడుకున్నాం. రాత్రి రెండింటికి కాళ్లు కొయ్యబారి లేచి కూర్చున్నాను. నిద్ర పట్టక దిబ్బ వాలులో ఓ ఇరవై అడుగులు పైకి ఎక్కితే అక్కడి గాలి ముఖానికి వెచ్చగా తగిలింది. ఆ రాత్రి తర్వాత ఎప్పుడూ గుంట అడుగున డేరా వేయలేదు. దిబ్బ పాదానికి కొంచెం పైన, చదునుగా ఉన్న అరుగు లాంటి చోటు చూసుకోండి. జనవరిలో అక్కడ తెల్లవారుజామున 5, 6 డిగ్రీలకు పడిపోవడం మామూలే. మన సంక్రాంతి చలికి కప్పుకునే దుప్పటి చాలదు.

గాలి ఎటు నుంచి వస్తుందో చెప్పడానికి ఎడారిలో నేలే చాలు. ఇసుక మీద అలల్లా గీతలు ఉంటాయి కదా, గాలి వాటికి అడ్డంగా వీచినట్టు. చిన్న పొద వెనక ఇసుక తోకలా సాగి ఉంటే ఆ తోక చూపే వైపుకే గాలి పోతుంది. పెద్ద దిబ్బలకు గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, నేల గట్టిగా ఉంటుంది. వెనక వైపు 32, 34 డిగ్రీల నిట్టవాలు, అంతా జారుడు మెత్తన. అయితే ఆ దిబ్బల్ని కట్టింది వేసవిలో నైరుతి నుంచి వీచే గాలి. శీతాకాలం గాలి వేరే దిక్కు నుంచి రావచ్చు. అందుకని దిబ్బ ఆకారం మీద కాకుండా ఆ సాయంత్రం కనిపించే చిన్న అలల మీద, తోకల మీద నమ్మకం పెట్టుకోండి. పిడికెడు ఇసుక తీసి నడుం ఎత్తు నుంచి వదిలి చూడండి, చాలు.

జారుడు వాలు కింద డేరా వేయొద్దు, గాలి లేచిందంటే పైనుంచి ఇసుక రాలుతూనే ఉంటుంది. దిబ్బ శిఖరం మీద అసలే వద్దు. ఫోటోలు అక్కడే బాగా వస్తాయి, నిజమే. గాలి మొత్తం మీకే తగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, అవతలి వైపు నుంచి దిబ్బ ఎక్కే బండి డ్రైవరుకు శిఖరం దాటేదాకా ఇవతల ఏముందో కనిపించదు.

మనుషులు, జీవాలు నడిచే దారి

రెండో ప్రయాణంలో ఒక టాంకా పక్కన ఆగాం. టాంకా అంటే వాన నీళ్లు పట్టి దాచుకునే గుండ్రటి సిమెంటు తొట్టి, నేలలోకి ఉంటుంది. పక్కనే చదును, రెండు చెట్లు. ఇంకేం కావాలనుకున్నాం. తెల్లవారుజామున మెడ గంటల చప్పుడుకు మెలకువ వచ్చింది. మేకలు, వాటి వెనక ఒంటెలు, నీళ్లకు వచ్చి మా బండ్లు చూసి బెదిరి దూరంగా ఆగిపోయాయి. వెంట వచ్చిన పెద్దాయన ఒక్క మాట అనలేదు. మేం గబగబా సర్దుకుంటుంటే ఆయనే టాంకా మూత తీసి ముందు మా పిల్లలకు నీళ్లు పోశాడు. ఆ నీళ్లు ఆయన ధాణీకి, అంటే నాలుగిళ్ల పల్లెకు, ఏడాది పొడుగునా సరిపోవాల్సినవి. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

కాబట్టి టాంకా, బావి, నీళ్ల మడుగు, ఏది కనిపించినా కనీసం 200 మీటర్ల దూరం పాటించండి. పశువులే కాదు, చింకారా జింకలు, నక్కలు కూడా రాత్రిపూట అక్కడికే వస్తాయి. మనం పక్కన ఉంటే దాహంతోనే వెనక్కి పోతాయి. మీ నీళ్లు మీరు తీసుకెళ్లండి. శీతాకాలమైనా తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు 6 లీటర్ల లెక్కన, దానికి పైన రెండు రోజులకు సరిపడా అదనంగా పెట్టుకోండి. ఆ నీళ్లు ఒకే పెద్ద డబ్బాలో పోయకుండా 20 లీటర్ల క్యాన్లలో వేర్వేరు బండ్లలో సర్దండి.

బండ్ల చారలకు కనీసం 100 మీటర్ల పక్కకు జరగండి. రాత్రిపూట అటు పోయే జీపులకు, ట్రాక్టర్లకు అక్కడ ఎవరో పడుకుని ఉంటారన్న ఊహే ఉండదు. ధాణీ కనిపిస్తే దాక్కున్నట్టు దూరంగా మకాం వేయడం కంటే, ముందే వెళ్లి పెద్దవాళ్లను పలకరించడం మంచిది. "ఖమ్మా ఘణీ" అని చేతులు జోడించి, హిందీలో ఇక్కడ ఒక రాత్రి ఉండొచ్చా అని అడగండి. ఎక్కడ ఉండాలో వాళ్లే చూపిస్తారు. ఉపగ్రహ చిత్రాల్లో కనబడని సంగతులు వాళ్ల నోట వస్తాయి: ఆ చెట్ల తోపు ఓరన్, దేవుడి పేరున వదిలినది, అక్కడ పుల్ల కూడా విరవకూడదు, ఆ పల్లంలో మొన్న నీళ్లు నిలిచాయి, ఫలానా దిబ్బ వెనకకు పోతే సైనికులు వచ్చి అడుగుతారు. ఆడవాళ్లు నీళ్లకు వచ్చే చోట కెమెరాలు తీయొద్దు.

చెట్టు నీడ చూసి మోసపోవద్దు

థార్‌లో నీడనిచ్చే పెద్ద చెట్టు ఖేజ్రీ. దాన్ని చూసి మనం కొత్త చెట్టు అనుకుంటాం గానీ అది మన జమ్మి చెట్టే. దసరా నాడు బెజవాడలో ఏ చెట్టు ఆకు పెద్దవాళ్ల చేతుల్లో పెట్టి దణ్ణం పెడతామో అదే. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం కూడా. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ ఊళ్లో రాజుగారి మనుషులు ఈ చెట్లు నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకుని 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. అలాంటి చోట చలిమంట కోసం జమ్మి కొమ్మ మీద చెయ్యి వేయకండి. ఎండిపోయి రాలిన పుల్లలైనా ఆ ఊరి పొయ్యిలోకి పోవాల్సినవే. గ్యాస్ పొయ్యి, దాని చుట్టూ గాలి తగలకుండా రేకు తీసుకెళ్లండి. మంట లేకపోతే పిల్లలకు సరదా ఉండదనుకుంటే జోధ్‌పూర్‌లోనే కట్టెలు కొనుక్కుని పోండి.

చెట్టు కింద డేరా వేయొద్దనడానికి వేరే కారణమూ ఉంది. పగలంతా ఒంటెలు, మేకలు ఆ నీడలోనే పడుకుంటాయి. వాటి ఒంటి మీది పిడుదులు ఆ ఇసుకలో రాలి, తర్వాత ఎవరొస్తారా అని కాచుకుని ఉంటాయి. ఒంటె పెంట కనబడిన నీడలో పరుపు పరచకండి. చెట్ల వేళ్ల చుట్టూ ఎలుక బొరియలు కూడా ఎక్కువ, బొరియ ఉన్నచోట పాము ఉండొచ్చు. అక్కడ ఎక్కువగా కనిపించేది చిన్న పింజర. జానెడు మూరెడే ఉంటుంది, ఇసుకలో ఒళ్లు కప్పుకుని పడుకుంటుంది. చలికాలంలో కదలిక తక్కువే అయినా రాత్రి టార్చి లేకుండా, బూట్లు లేకుండా అడుగు తీయొద్దు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్లూ ఉంటాయి. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు బిగించడం లాంటివేమీ చేయకుండా, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే చోటు ఎంచుకునేటప్పుడు నేను పుస్తకంలో రాసుకునే మొదటి సంగతి: ఇక్కడి నుంచి తారు రోడ్డుకు ఎంతసేపు, అక్కడి నుంచి జైసల్మేర్ ఆసుపత్రికి ఎంతసేపు. రాత్రిపూట మూడు గంటలు దాటుతుందనిపిస్తే ఆ చోటు మాకు వద్దు.

నేల మీద పల్లేరుకాయలు, భురట్ అనే గడ్డి ముళ్లు పరుచుకుని ఉంటే ఇంకో చోటు చూడండి. ఆ ముళ్లు పరుపుల్లోకి, మేజోళ్లలోకి దూరితే ఇంటికొచ్చాక కూడా వదలవు.

బండి, డేరా

ఇసుకలో దిగేముందు టైర్లలో గాలి 18, 20 పీఎస్ఐకి దించి ఉంటారు. రాత్రికి ఆపేటప్పుడు బండి ముక్కు పల్లానికి ఉండాలి. పొద్దున చల్లటి ఇంజనుతో, మెత్తటి ఇసుకలో, ఎదురు వాలు ఎక్కాల్సి వస్తే అక్కడే గంట పోతుంది. మూడు బండ్లు ఉంటే గాలి వచ్చే వైపు వరసగా ఆపి, వాటి చాటున డేరాలు వేయండి. బండికీ డేరాకీ మధ్య రెండు మీటర్లయినా వదలండి. బండికి ఎదురుగా, వాలులో కింద మాత్రం ఎవరూ పడుకోకూడదు. ఇసుకలో హ్యాండ్ బ్రేకును నమ్మొద్దు. గేరులో పెట్టి చక్రాలకు రాళ్లో చెక్కలో వేయండి. బండి మీద టెంటు ఉన్నవాళ్లు నీళ్ల సీసా బానెట్ మీద అడ్డంగా పెట్టి చూడండి, లోపలి గాలి బుడగ మధ్యలో నిలిస్తే నేల చదునే.

ఇసుకలో మేకులు నిలవవు. బియ్యం సంచులు పాతవి నాలుగు తీసుకెళ్లి, సగం దాకా ఇసుక నింపి, తాడు కట్టి, అడుగున్నర లోతున పాతిపెట్టి పైన తొక్కండి. గాలి లేచినా ఆ డేరా అంత తేలిగ్గా కదలదు. వాకిలి గాలికి వెనక్కి, వీలైతే తూర్పుకు ఉంచండి. తూర్పున పెద్ద దిబ్బ అడ్డం ఉంటే ఎండ మీ మీద పడేసరికి ఎనిమిదిన్నర అవుతుంది, తడిసిన డేరా ఆరదు. కిటికీ కొంచెం తెరిచే పడుకోండి, పూర్తిగా మూస్తే ఊపిరి చెమ్మంతా గుడ్డకు పట్టి తెల్లారేసరికి నెత్తిన కారుతుంది.

మరుగు కోసం 60, 70 అడుగుల దూరం చాలదు, 60, 70 మీటర్లు పోవాలి, వాగు వైపు కాకుండా. పార తీసుకెళ్లి జానెడు లోతు గుంట తీసి పూడ్చండి. కాగితాలు పూడ్చొద్దు, ఆ పొడినేలలో ఏళ్ల తరబడి కుళ్లవు, గాలికి బయటపడతాయి. సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయండి.

పొద్దున బయల్దేరేముందు

బండి స్టార్ట్ చేయకముందే వంగి కిందా, చక్రాల వెనకా చూడండి, వెచ్చదనానికి ఏ జీవమైనా వచ్చి పడుకుని ఉండొచ్చు. పిల్లల్ని ఒక్కొక్కరికీ ఒక్కో సంచి ఇచ్చి చుట్టూ తిప్పండి. బిస్కెట్ కవర్లు, పులిహోర పొట్లాల ఆకులు, సీసా మూతలు అన్నీ ఏరిస్తే పది నిమిషాల పని. ఆ చోటు బాగా కుదిరిందనిపిస్తే పుస్తకంలో నాలుగు ముక్కలు రాసుకోండి: నేల ఏంటి, గాలి ఎటు, రాత్రి ఏం వినిపించింది, తారు రోడ్డుకు ఎంతసేపు పట్టింది.

ఇక ఆఖరున సంచులు పాతిన నాలుగు గుంటలూ, పార పెట్టి తవ్విన ప్రతి చోటూ పూడ్చి, ఎక్కి తొక్కి, నేలకు సమంగా చేయండి. వదులుగా వదిలేసిన గుంటలో ఒంటె కాలు పడితే విరుగుతుంది, కాలు విరిగిన ఒంటె ఇక లేవదు.